విజయక్క నాకు చెప్పని జవాబు

కుంఠా నాకా కూడలి దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆగి, హెల్మెట్ లోపల చెవుల వెనక చెమట జారినప్పుడల్లా నా గడ్డం కింద పట్టీ బిగిస్తున్న విజయక్క వేళ్లు గుర్తొస్తాయి. ఆమె మా దాజీ పేట్‌లో పక్కింటి మగ్గాల వాళ్ల కూతురు. బెంగళూరులో ఏదో రక్షణ ప్రయోగశాలలో ఇంజనీరు. తొంభైల్లో ఒక వేసవి సెలవుకు వచ్చింది. నేను ఫిజిక్స్ తప్పి, ఇక చదవనని అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నాను.

ఒకరోజు వాళ్ల తమ్ముడి స్కూటర్ హెల్మెట్‌కు అద్దం ముక్క అతికించి నా తలకు పెట్టింది. మా ఇంటి తలుపులు మూసి, చిన్న లేజర్ లైటు ఆ అద్దం మీద వేసింది. ఎదురు గోడ మీద ఎర్రని చుక్క పడింది. నేను తల తిప్పితే చుక్క పరుగెత్తింది.

"విమానంల గూడ గిట్లనే. పైలట్ తల ఎటు తిరిగిందో లేజర్లు పసిగడతయి. ఆయన ఎటు జూస్తే తుపాకి అటు తిరుగుతది. సమజ్ అయిందా?"

నాకు సగమే అర్థమైంది. అమ్మ మాత్రం ఆకు కత్తిరించడం ఆపి అడిగింది.

"పిల్లగాండ్ల దిక్కు జూసినా తిరుగుతదా బిడ్డా?"

అక్క లైటు ఆర్పేసింది. "తిరుగుతది చిన్నమ్మా," అంది.

మరుసటేడు ఆమె ఉద్యోగం మానేసి వచ్చి, వాళ్ల మిద్దె మీద ట్యూషన్ పెట్టింది. పేటంతా తలో మాట అన్నారు. నన్ను బీడీల చాట ముందు నుంచి లేపి తీసుకెళ్లింది. ఫిజిక్స్ గట్టెక్కాను. అమ్మ మాటకే మానేశావా అని ఒకసారి అడిగాను.

"అదొక్కటే గాదే. ఆ హెల్మెట్ ఉంటే మన పైలట్ పాణంతోని ఇల్లు జేరుతడు. అది గూడ నిజమే గద. ఇడిసిపెట్టి మంచిగ జేసిన్నో, తప్పు జేసిన్నో నాకే ఎరుక లేదు."

అంత చదివిన మనిషి తెలియదంటుంటే నాకు భయం వేసింది. ధైర్యమూ వచ్చింది. ఆ రెండూ ఒకేసారి ఎలా వచ్చాయో ఇప్పటికీ తెలియదు. అక్క చనిపోయేవరకు మేమిద్దరం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

నేనూ ఫిజిక్స్ టీచర్‌నయ్యాను. మొన్న నా దగ్గర చదివిన అమ్మాయికి అలాంటి ప్రయోగశాలలోనే ఉద్యోగం వచ్చింది. "పోవాల్నా మేడం?" అని అడిగింది. అమ్మ అడిగిన మాట చెప్పాను, అక్క చెప్పిన పైలట్ మాటా చెప్పాను. ఆ పిల్ల ఇంకా నా ముఖంలోకే చూస్తోంది. ఏది మంచిదో నాకూ తెలియదమ్మా అని, ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.