ఎవరి తాలూకా?

మొన్న వాన కాస్త తెరిపి ఇవ్వగానే, ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీలో మా అమ్మాయి ఇంటి ముందు టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి, రైల్వే క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి బయల్దేరాను. ఈ బురదలో అక్కడ ఏం చూస్తారని అమ్మాయి గోల పెట్టింది, నా చేతిలో డబ్బా చూసి అదేమిటంది. ఏం లేదులే అన్నాను. నా అనుమానపు బుద్ధి వల్ల ఒక మంచి స్నేహితుడు తన సొంత అక్కతో నాలుగు మాటలు మాట్లాడే అవకాశం పోగొట్టుకున్న వాకిలి ఒకటి ఆ సందుల్లో ఉందని, నలభై ఏళ్ళుగా నేను ఎవరితోనూ అనలేదు.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. దేవుడి ప్రసాదమైనా వాసన చూడందే నోట్లో వేసుకోనని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ రోజుల్లో నేనూ, ఆ మిత్రుడూ వాల్తేరులో రైల్వే గుమాస్తాలం, ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇద్దరం కలిసి కలకత్తాలో డిపార్ట్‌మెంట్ పరీక్షకి వెళ్తుంటే, ఖరగ్‌పూర్ చేరేసరికి ముందర పట్టాల మీద నీళ్ళు చేరాయని, సాయంత్రం దాకా బండి కదలదని చెప్పారు. బండిలో అందరూ ఉసూరుమంటుంటే ఇతని మొహం మాత్రం వెలిగిపోయింది, ఊరు చూసొద్దాం పద అన్నాడు. చదువు మానుకుని సినిమాకైనా రాని మనిషికి కుండపోత వానలో ఊరు చూసే సరదా ఎక్కణ్ణుంచి పుట్టిందా అని నాకు అప్పుడే అనుమానం తగులుకుంది.

పెట్టెలు క్లోక్ రూములో పెట్టాం గానీ, తువ్వాలులో చుట్టిన ఒక డబ్బాని మాత్రం అతను చంకలోంచి దించలేదు. అందులో ఏముందని అడిగితే ఏం లేదులే అని దాన్ని అటువైపు చంకలోకి మార్చుకున్నాడు. ఒకే గొడుగు కింద సగం సగం తడుస్తూ, రిక్షాలో హిజ్లీ వెళ్ళి పాతకాలపు జైలు భవనం చూశాం. చూశాం అనకూడదు, నేను చూశాను, అతను గడియారం చూసుకున్నాడు. అక్కణ్ణుంచి ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి పోనిమ్మన్నాడు. రైల్వే క్వార్టర్లలో చూడ్డానికేముంది? ఇతనేమో ప్రతి గోడ మీదా నంబరు చదువుకుంటూ నడిచాడు.

మీలో ఉత్తరాంధ్రవాళ్ళుంటే తెలిసే ఉంటుంది, మనవాళ్ళు మంచినీళ్ళిచ్చే ముందే ఎవరి తాలూకా అని అడుగుతారు, అంటే ఎవరి మనిషివి అని. ఆ సందుల్లో అరుగు అరుగునా మన తెలుగే, మన మాట చెవిన పడితే చాలు, ఆ ప్రశ్న వచ్చేది. మనం చెప్పిన జవాబు మర్నాటి బండికే మన ఊరు చేరిపోయేది. ఇతను రెండు వాకిళ్ళ ముందు మా ఊరి పేరూ, మా ఇంటిపేరూ తనవిగా చెప్పాడు. మొదటిసారి వేళాకోళం అనుకున్నాను, రెండోసారి ఒళ్ళు మండింది. ఏ ఆడపిల్ల కోసమో వచ్చాడు, రేపు గొడవైతే బజారున పడేది మా ఇంటిపేరే అని లోలోపల ఉడికిపోయాను.

సందు చివరి క్వార్టర్ దగ్గర ఆగాడు. వసారాలో ఒక పెద్దావిడ చేటలో బియ్యం ఏరుతోంది. లోపల పొయ్యి దగ్గర ఒకామె మాకు వీపు పెట్టి కూర్చుంది. ఇతను ఆ వీపు వైపే చూస్తూ ఉండిపోయాడు. పెద్దావిడ మమ్మల్ని పైకి పిలిచి, టీ పెట్టమని కోడలికి కేకేసి, ఎవరి తాలూకా అని అడిగింది. మిత్రుడు మళ్ళీ మా ఊరే చెప్పాడు. ఇక ఆగలేక, అది నా ఊరమ్మా, ఇతనిది కాదని చెప్పి, నాగావళి అవతల అతని ఊరూ, ఇంటిపేరూ, అడక్కపోయినా తండ్రి పేరుతో సహా చెప్పేశాను.

ఆవిడ చేట పక్కన పెట్టి లేచింది. కోపం లేదు, భయం.

"మళ్ళీ ఎందుకొచ్చినారు బాబూ? పిల్ల ఇక్కడ సుఖంగానే ఉన్నాది. ఎల్లిపోండి."

లోపలామె లేచి గుమ్మం దాకా వచ్చింది. పెద్దావిడ ఆమెను లోపలికి తీసుకుని తలుపేసేసింది. గడియ పడిన చప్పుడు వానలో కూడా వినపడింది.

బండి కదిలాక చెప్పాడు. అతని అక్క ఆ ఊరి క్రైస్తవుల అబ్బాయిని, వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి ఇష్టపడి చేసుకుందట. తండ్రీ, బాబాయిలూ కర్రలతో ఆ వాకిట్లోకే వచ్చి రభస చేసి వెళ్ళారట. ఆమె మాట ఎక్కడా ఎత్తనని తండ్రికి ఒట్టేసి ఉండడం వల్ల నాకూ చెప్పలేకపోయాడట. వేరే ఊరివాడినని చెప్పి, అక్క చేతి టీ తాగి, డబ్బా ఇచ్చి వచ్చేద్దామనుకున్నాడు.

అప్పుడు తువ్వాలు విప్పాడు. డబ్బాలో చలిమిడి. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు ఒళ్ళో పెట్టే చలిమిడి, ఆ పిల్ల తీసుకోకుండా వెళ్ళిపోయిన చలిమిడి, వాళ్ళమ్మ భర్తకు తెలియకుండా చేసి పంపింది.

"తిను. తిరిగి పట్టుకెళ్తే అమ్మకి తెలిసిపోతాది," అన్నాడు.

తిన్నాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా తిన్నాను. అతను నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. తరవాతెప్పుడైనా అక్కను చూశాడో లేదో నేను అడగలేదు. పోయినేడాది అతను పోయాడు.

మొన్న ఆ సందు దొరికింది. సగం క్వార్టర్లు తాళాలు వేసి ఉన్నాయి, ఆ క్వార్టర్ గోడ మీద రావి మొక్క మొలిచింది. పక్క వసారాలో ఫోను చూసుకుంటున్న ఒకామెను కావాలనే తెలుగులో స్టేషనుకి దారి అడిగాను. తల ఎత్తకుండానే, తెలుగులోనే, అటు అని చెయ్యి చూపించింది. కాసేపు అక్కడే నిలబడ్డాను. నా చేతి డబ్బాలో మా ఊళ్ళోనే మా ఆవిడ చేత చేయించి తెచ్చిన చలిమిడి ఉంది. ఎవరి తాలూకా అని అడిగితే అతని ఊరూ, అతని ఇంటిపేరూ నావిగా చెప్పుకోవాలని దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వెళ్ళాను. ఆమె అడగలేదు. తిరిగి స్టేషను రోడ్డుకి వచ్చేదాకా ఎవరూ అడగలేదు.