అత్త చేత నొక్కించిన అప్‌డేట్

నా మొగుడు పోయాక ఇంట్లో మిగిలినవి రెండే. ఆయన ఫోను, ఆయన తల్లి. రెండూ పాతవే, రెండూ నన్ను తిట్టేవే.

ఆయన ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. నేనూ అత్తా ఆదోనిలో ఉండేవాళ్లం. జిన్నింగు ఫ్యాక్టరీలో పత్తి ఏరే పని నాది, ఇప్పటికీ అదే. తాగి ఎవరితో ఏమన్నాడో తెల్లారితే ఆయనకు గుర్తుండేది కాదు. అందుకని మాట్లాడినదంతా దానంతట అదే రికార్డు పట్టుకునే ఏర్పాటు ఒకటి ఫోనులో పెట్టించుకున్నాడు. ఆ తాగుడుతోనే కడుపు ఉబ్బి పోయాడు. పాతవన్నీ తుడిచిపెట్టుకుపోగా నాతో మాట్లాడింది ఒక్కటి మిగిలింది.

"యాడ సచ్చినావే? ఫోను ఎత్తేకి సేతులు పడిపోయినాయా? నీ మొగానికి పని ఒగటి. మా అమ్మకు రొట్టె పెట్టినావా లేదా? ఆయమ్మ ఆకలికి ఓర్సుకోదు. నువ్వు తినేముందు ఆయమ్మకు పెట్టు. ఆదివారం వస్తా, నీ తాట తీస్తా."

అంతే. నడుమ ఒకచోట నేను "ఊఁ" అన్నది వినపడుతుంది.

మా అత్తకు రెండు కళ్లకూ పొర కమ్మింది. ఆపరేషనంటే భయం. రోజూ సాయంత్రం నేను పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే లోపలే చెయ్యి చాపేది. ఫోను చేతిలో పెడితే చాలు, కింది మూల ఎక్కడుందో ఆమె వేలికి తెలుసు. నాకు అక్షరాలు రావు, ఆమెకు చూపు లేదు. ఇద్దరమూ ఆ ఫోనును చోటును బట్టే నేర్చుకున్నాం. పైన ఉండే పచ్చ బొమ్మ నాది. కింది మూల ఎర్ర బొమ్మ ఆమెది. ఎర్రది నొక్కితే ఆయన.

విని, నా వైపు తిరిగి, "ఇనపడిందా? సచ్చినా నిన్ను వదల్లేదు నా కొడుకు" అనేది. నవ్వేది కూడా.

పచ్చది నా కూడు. మరుసటి రోజు పత్తి లారీలు వస్తాయో రావో, ఎవరెవరు పనికి రావాలో మేస్త్రమ్మ దాంట్లోనే మాట పంపుతుంది. అది వినకుండా పోతే గేటు దగ్గరే తిప్పి పంపుతారు. ఆ పచ్చది తెరిచినప్పుడల్లా ఏదో రాత అడ్డం రావడం మొదలైంది. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే సాయిబుకు చూపించాను.

"లోపల ఉండేది పాత వెర్షను అక్కా. కొత్తది ఎక్కించకుంటే ఈ నెలతో పచ్చది బంద్."

"ఎక్కియ్యప్పా మరి."

"ఎక్కిస్తా. కానీ ఈ ఎర్రది కొత్తదాంట్లో నడవదు. దాంట్లో ఉండే మాట దాంతోపాటే పాయె."

అంటూనే నొక్కాడు. నా మొగుడి తిట్లు అంగడంతా వినపడ్డాయి. పక్కన నిలబడ్డ ఒకామె నన్ను పైనుంచి కిందికి చూసింది. సాయిబు తల దించుకున్నాడు.

"అన్న గొంతా? ఇది మోగుతాంటే నా ఫోన్లో పట్టి, మళ్లా నీ దాంట్లో ఏసిస్తా. రెండు నిమిషాల పని."

"వద్దు."

"గుర్తుకు ఉంటాది కదక్కా."

"నాకు బాగనే గుర్తుంది. వద్దు."

అతను కొత్తది దించి, సిద్ధంగా పెట్టి, ఇంట్లో చార్జింగులో ఉంచి నీలం బొత్తం నొక్కితే చాలన్నాడు. అక్కడే నొక్కేయవచ్చు. నొక్కలేదు. నా వేలితో నొక్కితే ఆ ముసలిది చచ్చేదాకా నన్నే అంటుంది, వీధంతా చెబుతుంది. ఆమె చేతనే నొక్కించాలని దారి పొడవునా అనుకుంటూ వచ్చాను.

పచ్చదో ఎర్రదో ఒకటే ఉంటుందని ఇంట్లో చెప్పాను. సాయిబు చేసిస్తానన్న రెండు నిమిషాల పని సంగతి చెప్పలేదు.

"వాన్ని తుడిసేస్తావా? ఈరన్న సామి తోడు, నీ సేతులు పురుగులు పడతాయి. నీ పని పోతే పోనీ, ముండా. నాకు నా కొడుకు సాలు."

"సాలునా?"

"సాలు."

"సరే అత్తా."

ఆ పూట ఒక్క మనిషికే జొన్నపిండి తడిపాను. రొట్టె పెనం మీద కాలుతుంటే ఆమె వాసన పట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. ఉల్లికారం నూరాను. ఆమె ముందు ఖాళీ పళ్లెం పెట్టి, పళ్లెంలో ఫోను పెట్టి, ఎర్రది నొక్కాను.

"మా అమ్మకు రొట్టె పెట్టినావా లేదా? ఆయమ్మ ఆకలికి ఓర్సుకోదు" అంటున్నాడు ఆయన.

"తిను," అన్నాను. "నీ కొడుకు పెడతాండాడు."

పళ్లెం తడిమింది. చల్లటి అద్దం తగిలింది. నేను ఎదురుగా కూర్చుని, నమిలేది వినపడేటట్టు తిన్నాను.

"రొట్టె ఏదే?"

"పచ్చది బందయితే నా పని బందు. పని ల్యాకుంటే పిండి యాడిది?"

"డబ్బాలో ఉంది. నాకు తెలుసు."

"ఉంటే నీ కొడుకునే అడుగు."

పొద్దున నేను పనికి పోయేముందు కూడా అంతే. పళ్లెం, పళ్లెంలో ఆయన. తిట్టడం అప్పటికే మానేసింది. సాయంత్రం వచ్చేసరికి గడప దగ్గర కూర్చుని, రోజూలాగే చెయ్యి చాపింది.

"దాన్ని ఇట్ల తే. యాడ నొక్కల్ల?"

చార్జింగులో పెట్టి, ఆమె వేలు పట్టుకుని నీలం మీద ఆనించి వదిలేశాను. ఏడ్చింది. నొక్కింది. ఫోను నల్లబడి, తెల్లగీత ఒకటి మెల్లగా పాకింది. ఆ లోపల రొట్టెలు కాల్చి పెట్టాను. కారం కోసం కూడా ఆగకుండా తినేసింది.

కొత్త వెర్షనులో చోట్లన్నీ మారాయి. పచ్చదాన్ని వెదుక్కోవడానికి నేనే కొన్నాళ్లు అవస్థపడ్డాను. ఎర్రది ఉన్న మూలకు కెమెరా వచ్చింది. అత్త అలవాటు కొద్దీ అక్కడే నొక్కేది, టక్కుమని ఫొటో పడేది. ఫోను నిండా ఆమే ఇప్పుడు, నోరు తెరుచుకుని, కొడుకు మాట కోసం ఒక చెవి ముందుకు పెట్టి. చూసి నవ్వుకునేదాన్ని.

ఒక సాయంత్రం చెయ్యి చాపలేదు. నేను కాళ్లు కడుక్కుంటుంటే వెనక నుంచి వినపడింది.

"యాడ సచ్చినావే? ఫోను ఎత్తేకి సేతులు పడిపోయినాయా?"

చేతిలో చెంబు ఆగిపోయింది. గొంతు కాస్త సన్నం, అంతే. అదే విరుపు, మాటకు మాటకు మధ్య అదే గుక్క. "నీ మొగానికి పని ఒగటి" దాకా వచ్చి ఆగింది. నేను "ఊఁ" అనే చోటు అది.

"అనవే," అంది మా అత్త.

ఫోనైతే ఆపేదాన్ని. రొట్టె పెట్టకుండా కూడా చూశాను. ఆకలి మీద ఇంకా గట్టిగా అంటుంది, పక్కింటికి వినపడేటట్టు. ఇప్పుడు రోజూ ఆ చోటుకు వచ్చి ఆగుతుంది. నేను అనేదాకా కదలదు. పెనం మీద రొట్టె మాడుతుంటుంది.

అంటాను.