నోటీసులు చింపి ఎగరేసిన రోజు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో అవమానం, శపథం, పగ, చివర్లో శత్రువు నెత్తిన వాన, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఇది లండన్‌లో ఒక కమ్యూనిటీ హాల్‌లో నేను తెర లాగిన కథ. ఆ లండన్ కూడా ఇంగ్లండ్‌లోది కాదు, కెనడాలో ఒంటారియోలోది.

ఆ ఏడు మా కాలేజీలో కుర్చీల కంటే స్టూడెంట్లు, ఊళ్లో ఉద్యోగాల కంటే రెజ్యూమేలు ఎక్కువ. క్లీనింగ్ పని అడుగుదామని ఆ హాల్‌కి వెళ్లాను. మేనేజర్ నా రెజ్యూమేని రెండు వేళ్లతో పట్టుకుని, "మీవాళ్లవి ఇప్పటికే ఒక డబ్బా నిండా ఉన్నాయి," అని తిరిగిచ్చేశాడు. అక్కడికక్కడే శపథం చేశాను. ఏమని చేశానో ఇప్పటికీ తెలియదు.

కారిడార్‌లో ఒకావిడ ఇదంతా చూసింది. జమైకాలో పుట్టిన నర్సు. ఆదివారాలు అక్కడ నల్లజాతివాళ్ల మ్యూజికల్‌కి, అంటే పాటల నాటకానికి, రిహార్సల్స్ నడిపేది.

"తెర లాగడం వచ్చా?"

"నేర్చుకుంటా ఆంటీ."

నోరు జారానేమో అనుకున్నాను. వాళ్లలోనూ పెద్దవాళ్లని అలాగే పిలుస్తారట. రిహార్సల్ అయ్యాక అన్నం, చికెన్ కూడా పెట్టేవారు. నా కళాతృష్ణకు అసలు కారణం అదే.

నాటకమంతా ఒక పెళ్లిల్లు. అమ్మమ్మలు పాడతారు, బావలు అలుగుతారు, అందరూ గెంతుతారు. "మా ఏడుపు చూడ్డానికి జనం ఎప్పుడూ వస్తారు. ఈసారి మా నవ్వు చూడనీ," అనేది ఆంటీ. అప్పటికే రెండు హాళ్లు వాళ్లని వెళ్లగొట్టాయి. ఇది మూడోది.

ప్రతి వారం తలుపుకి మేనేజర్ సంతకంతో నోటీసు ఉండేది: మీ నవ్వులు పక్క గదిలోకి వినబడుతున్నాయి. పక్క గదిలో కరాటే క్లాసు. వాళ్ల అరుపులకి నోటీసు లేదు. నాలుగో నోటీసులో, ఇంకొక్క ఫిర్యాదు వస్తే బుకింగ్ రద్దు అని రాశాడు. ఇక అందరూ సాక్సులతో డాన్స్ చేశారు, గుసగుసగా పాడారు, నవ్వొస్తే స్కార్ఫ్ నోట్లో కుక్కుకున్నారు. నోటీసులన్నీ నేను దాచాను.

"ఏందిరా, పటం కట్టిస్తవా?" అన్నాడు నా రూమ్మేట్.

"సాక్ష్యంరా."

"ఏ కోర్టుకురా? మన దగ్గర హీరో ఎంట్రీకి ఏం చేస్తం? చింపు!"

చింపాం. నాలుగు నోటీసులు గుప్పెడైనా కాలేదు. నా రెజ్యూమేలు ఇరవై కాపీలు కలిపాం.

ప్రదర్శన రోజు హాలు నిండింది. ఎవరూ నోరు మూసుకుని చూడలేదు. "అలా పెట్టు గడ్డి, తల్లీ!" అని పెద్దావిడలు కుర్చీల్లోంచే జవాబిస్తున్నారు. మేనేజర్ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆఖరి పాట. ఇక రద్దు చేయడానికి ఏమీ మిగల్లేదు. పెళ్లికూతురు గెంతుతూ వచ్చింది. వెనక నుంచి రూమ్మేట్ ఈల వేశాడు. తెర పక్క నుంచి నేను, బాల్కనీ నుంచి వాడు, కాగితాల వాన కురిపించాం. ఒక ముక్క మేనేజర్ భుజం మీద వాలింది. తీసి చూశాడు. అతని సంతకమే.

ఆంటీ మైకు అందుకుంది. "పక్క గదిలోకి వినబడుతోందా సార్?" అని, అన్ని వారాలు ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి నవ్వింది. హాలంతా లేచి నిలబడి నవ్వింది. మేనేజర్ చెవులు ఎర్రబడటం నేను దగ్గర నుంచి చూశాను. పగకి ఇంత తీపి ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

జనం వెళ్లాక అతను నా దగ్గరికొచ్చాడు. "ఇదంతా ఎవరు క్లీన్ చేస్తారు?"

ఆ హాల్లో క్లీనింగ్ పని నాకు అలా దొరికింది, ఆ ఒక్క సాయంత్రానికి, జీతం లేకుండా.

కార్పెట్‌లో ఇరుక్కున్న కాగితం ముక్కలు వాక్యూమ్‌కి రావు. చేత్తోనే ఏరాలి.