ఎడమవైపు బాణం

ఏడేళ్ళుగా పిడికెడు ముగ్గుపిండి మోస్తున్నాను. నవ్వకండి. పిడికెడు పిండి ఏం బరువని మీరు అడగొచ్చు. మొదటి వారం నేనూ అలాగే అనుకున్నాను. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు, మా అక్కకు చెప్పలేదు, గుళ్ళో దేవుడికి కూడా చుట్టూ తిప్పి చెప్పానే గానీ సూటిగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఇందులో కూడా నా జాగ్రత్తేదో ఉందేమోనని నా మీద నాకే అనుమానం.

అనుమానం నా ఉద్యోగం. వెటకారం కాదు, నిజంగానే. బెళ్ళందూరులో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎవరైనా తాము రాసింది బాగా పనిచేస్తోందంటే నమ్మకపోవడానికే నాకు జీతమిస్తారు. ఇన్నేళ్ళు అదే పని చేశాక ఇంట్లోనూ అదే బుద్ధి. పాలవాడు చిక్కటి పాలు పోస్తే ఇవాళ ఎందుకు పోశాడా అని ఆలోచించే రకం నేను.

మా అపార్ట్‌మెంట్ వెనక ఒక చెరువుంది. దాని గట్టు మీద పొద్దున్నే పద్నాలుగు మందిమి పరుగెత్తేవాళ్ళం. అందులో దారులు గీసే పని నాది. ఏ దారి చదునుగా ఉంటుంది, ఎక్కడ కుక్కలు వెంటపడతాయి, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, అన్నీ చూసి ఫోన్ మ్యాపులో గీసి, ఆ రూటు అందరి వాచీల్లోకి పంపేదాన్ని. మలుపు రాగానే వాచీ మణికట్టు మీద గుర్రుమంటుంది. "రూటంటే ఈవిడదే. కళ్ళు మూసుకుని పరుగెత్తొచ్చు" అని మా గ్రూపు పెద్ద రావుగారు పదిమందిలో అనేవారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. ఎంత ఇష్టమో తర్వాత తెలిసింది.

మా గ్రూపులోకి చివరగా వచ్చినవాడు మునిరాజు. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్‌లో బట్ట కత్తిరించే పని. ఊరు కోలారుకు అవతల, ఆంధ్రా సరిహద్దులో. డ్యూటీకి ముందు సైకిలు మీద మా చెరువుకొచ్చేవాడు. గుడ్డబూట్లు. చేతికి వాచీ లేదు. మా అందరినీ దాటిపోయేవాడు. అతని పరుగు చూసినప్పుడు నాకు ముందు కలిగింది మెచ్చుకోలు కాదు. వాచీ లేనివాడు ఎంత దూరం పరుగెత్తాడో ఎవరు చూశారు? అవతలి గట్టున కంచెలో ఒక సందుంది, అక్కడ అడ్డం పడుతున్నాడేమోనని రెండు పొద్దులు ఆ సందు దగ్గరే నిలబడ్డాను. పడలేదు. రెండుసార్లూ నన్ను చూసి నమస్తే మేడం అని నవ్వి పోయాడు. నేను చూస్తున్నానని తెలిసే పడలేదేమో అనుకున్నాను. అలాంటి బుద్ధికి మందుందా?

ఆ ఏడాది మా అపార్ట్‌మెంట్ పిల్లలకు పరుగు నేర్పడానికి మనిషి కావలసి వచ్చింది. మునిరాజునే పెట్టుకుందామన్నారు రావుగారు. కొందరు నసిగారు. నేనూ నసిగినదాన్నే. చివరికి, పులికాట్‌లో ఇరవై ఒక్క కిలోమీటర్లు మనతో పరుగెత్తనిద్దాం, అందరూ చూస్తారు, వచ్చాక ఖాయం చేద్దాం అనుకున్నారు. మునిరాజు అప్పుడే ఖాయమైపోయినట్టు గార్మెంట్స్‌లో నెలాఖరుకు మానేస్తానని చెప్పేశాడు. ఎర్రతాడు కట్టిన విజిలొకటి కొని జేబులో పెట్టుకు తిరిగేవాడు. వ్యానులో పులికాట్ వెళ్తూ అది తీసి అందరికీ చూపించాడు. ఊదమంటే సిగ్గుపడి ఊదలేదు.

పులికాట్ మీరు చూశారో లేదో. సముద్రం పక్కనే సరస్సు, అరచేయి లాంటి చదును నేల, నీళ్ళలో కొంగలు, మధ్య మధ్య పాతకాలపు కట్టడాలు. డచ్చివాళ్ళ సమాధులున్నాయి. ఆ గేటుకు రెండువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు. పరుగెత్తేవాళ్ళకు అంతకన్నా మంచి దారి దొరకదని నేనే ఊరించాను, రూటూ నేనే గీశాను. సమాధుల దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే సరస్సు ఒడ్డు చుట్టి ముగింపుకు వస్తాం. ఎడమకు తిరిగితే నేరుగా ముగింపే, దగ్గర దగ్గర మూడు కిలోమీటర్లు తక్కువ.

వాచీ లేనివాడు ఒకడున్నాడు కాబట్టి నేల మీద ముగ్గుపిండితో బాణాలు వేస్తానన్నాను. మా బస ముగింపు దగ్గర. అందుకని తెల్లవారుజామున ఆటో మాట్లాడుకుని ముగింపు నుంచి మొదలు వైపు, అంటే ఎదురు దిక్కున వేసుకుంటూ వెళ్ళాను. ఎదురు నడుస్తూ వేసేటప్పుడు ప్రతి బాణాన్నీ నీకు కాదు, వచ్చేవాడికి వెయ్యాలి. నీ కుడి వాడికి ఎడమ. ఇది తెలియక కాదు. దారంతా తెలిసే వేశాను. సమాధుల దగ్గర మాత్రం ఇక్కడ కుడి అనుకున్నాను, నా కుడికి వేసేశాను. ఆటోవాడు తొందరపెడుతున్నాడు. పిండి అయిపోవచ్చింది. మొదలు దగ్గరికి చేరాక చెప్పులు విప్పి బూట్లు వేసుకున్నాను. అక్కడ కూర్చుని కాళ్ళు సాగదీస్తున్న మునిరాజు, నా చెప్పుల మీది పిండి చూసి, ముగ్గేసి వచ్చినారా మేడం అన్నాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

పరుగు మొదలైంది. వాచీలున్న మేమంతా వాచీల మాట విన్నాం. సమాధుల దగ్గర నా మణికట్టు గుర్రుమంది, కుడికి తిరిగాను, కిందికి చూడనే లేదు. నేను ముగింపుకు చేరేసరికి అక్కడ జనం గుమిగూడి ఉన్నారు. మునిరాజు అందరికన్నా చాలా ముందు వచ్చేశాడట. అంత ముందు రావడం మనిషికి సాధ్యం కాదట. ఎవరో ఆటో ఎక్కావా అని నవ్వారు. అందరికన్నా ముందు "ఎక్కడో అడ్డదారి తొక్కాడు" అని గట్టిగా అన్నది నేనే. అప్పటికి నాకు నిజం తెలియదు. ఆ మాట వరకు నా తప్పు తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. అనుకోవచ్చా?

బాణాలు చూసే వచ్చానన్నాడు మునిరాజు. టెస్టర్ని కదా, ఆ బాణాలు చూసొస్తానని నేనే బయల్దేరాను. ఒక్కదాన్నే వెళ్ళాను. సమాధుల దగ్గర దారి చీలే చోట నా బాణం తెల్లగా, నిండుగా, ఎడమవైపు చూపిస్తూ ఉంది. దాని పక్కనే గుడ్డబూటు అచ్చులు. బాణం మీద ఒక్కటీ లేదు.

వెనక్కి వెళ్ళి, బాబూ పొరపాటు నాదే, నా కుడి మీకు ఎడమైంది అంటే ఏమయ్యేది? నవ్వేవాళ్ళు. రావుగారు వారం రోజులు ఏడిపించేవారు. అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. ఆ చిన్న నవ్వుకు భయపడ్డానా? కళ్ళు మూసుకుని పరుగెత్తొచ్చు అన్న మాట పోతుందని భయపడ్డానా? లేక, ఇది రాయడానికి చేయి ఆడడం లేదు, అతని మీద నా అనుమానమే నిజం కావాలని కోరుకున్నానా? నాకు మూడోదే అనిపిస్తుంది. ఇన్నాళ్ళు అనుమానించినవాడు ఉత్తముడని తేలితే, నేను ఏమని తేలతాను? బూటుకాలితో ఆ ముగ్గు చెరిపేశాను. నాలుగుసార్లు అటూ ఇటూ రుద్దాను. మా అమ్మ ముగ్గు తొక్కితేనే తిట్టేది.

తిరిగొచ్చి, అక్కడ ఎడమవైపు బాణమేమీ లేదని చెప్పాను. చూశారా, అబద్ధం కాదు. నేను చెప్పే వేళకు అక్కడ లేదు. ఆ వాక్యాన్ని దారిపొడవునా నడుస్తూ తయారుచేసుకున్నాను. కుడివైపు బాణమైనా ఉందా అని రావుగారు అడిగారు. సరస్సు గాలికి పోయినట్టుందన్నాను. ఇది మాత్రం అబద్ధం.

మునిరాజు నా దగ్గరికొచ్చాడు. కోపం లేదు మొహంలో. లెక్క తప్పినవాడిలా ఉన్నాడు.

"బాణం ఎడం పక్కకే ఉండె మేడం. ముగ్గు గదా, తొక్కగూడదని పక్కన కాలుపెట్టి పోయినాను. నాకు బాగా గ్యాపకం ఉండాది."

"నేనిప్పుడే చూసొచ్చాను మునిరాజూ. లేదు."

అతను నా మొహం చూశాడు. తర్వాత తల దించి నా కాళ్ళు చూశాడు.

"మీ బూటుకు ముగ్గు అంటుకొనుండాది మేడం."

"పొద్దున వేసింది నేనే కదా."

"అవును మేడం" అన్నాడు. అంతే. పొద్దున నేను చెప్పులతో ఉన్నానని అనలేదు. అందరి ముందూ అనొచ్చు. ఎందుకనలేదు? గుర్తులేకనా? గుర్తుండే, ఆడమనిషిని నిలదీయడం బాగుండదనా? నేనే చెబుతానని నాకు గడువిచ్చాడా? ఏడేళ్ళుగా ఆ రెండు ముక్కలను తిరగేసి మరగేసి చూస్తున్నాను. ఎటు తిప్పినా నాకే గుచ్చుకుంటాయి.

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో కూర్చున్నాడు. బొమ్మనహళ్ళిలో దిగిపోయాడు. తర్వాత మా చెరువుకు రాలేదు. పిల్లల కోచ్‌గా వేరే అతను వచ్చాడు. కొన్ని నెలలకు మా గేటు దగ్గర సెక్యూరిటీ అతను చెబితే తెలిసింది, మునిరాజు మానేస్తానన్నాడని గార్మెంట్స్ వాళ్ళు కత్తిరించే బల్ల దగ్గర వేరేవాణ్ణి పెట్టుకున్నారని, వెనక్కి వెళ్తే పని లేదన్నారని. నేను విని, అయ్యో పాపం అన్నాను. సెక్యూరిటీ అతను నన్నెందుకు అంతసేపు చూశాడా అని ఆ రోజంతా ఆలోచించాను. అప్పటినుంచి ఇదే తంతు. గ్రూపులో ఎవరైనా గుసగుసలాడితే నా గురించే. రావుగారు రూటు బాగుందంటే ఎత్తిపొడుపే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఏమిటో నన్నడగండి.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన నెల వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసుకు పని మీద వెళ్ళాను. గేటు దగ్గర వరసలో అందరి బ్యాగులూ తెరిపించి చూస్తున్నారు. నా వంతు వచ్చింది. యూనిఫాంలో మునిరాజు. కాస్త ఒళ్ళు చేశాడు. జుట్టు పలచబడింది. మెడలో ఎర్రతాడు, దానికి విజిలు. గార్డులందరికీ ఇచ్చేదో, అప్పటిదో తెలియదు. నేను బ్యాగు తెరవబోయాను.

"మీరు పోండి మేడం. మీ బ్యాగు చూసే పని లేదు" అన్నాడు. అంటూ తల దించి నా కాళ్ళు చూశాడు.

నన్ను గుర్తుపట్టాడా? పట్టే అన్నాడా? మర్యాదా, చీదరింపా? నా ముందు వెళ్ళిన ఆవిడ బ్యాగును అడుగుదాకా వెతికాడు మరి. వెనక జనం తోసుకొస్తున్నారు. నోరు విప్పితే సరిపోయేది. వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఆ ఆఫీసుకు రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. రెండుసార్లూ వెనక గేటునుంచి వెళ్ళాను.

నన్ను మెచ్చుకోకండి. జాలిపడకండి. ఇక్కడ కూడా నేను పూర్తిగా నిజం చెప్పలేదు, అతని పేరు మునిరాజు కాదు, నా పేరు నేను చెప్పనే లేదు. ఇది అచ్చులో చూస్తాడన్న ఆశ లేదు, చూస్తే ఏమవుతుందోనన్న భయం మాత్రం ఉంది. అయినా రాస్తుంటే చేయి కాస్త తేలికైంది. అదీ నేను నమ్మను గానీ, తేలికైన మాట నిజం.

బాణం ఎడమవైపే ఉంది. నేనే వేశాను, నేనే చెరిపాను. నువ్వు తొక్కలేదు.