మంచుపెట్టెలో మా పాఠశాల సిబ్బంది

ఇప్పుడు నేను మనవి చేయబోయేది ఒక విపత్తును గురించి. భూకంపం కాదు, వరద కాదు. బి.ఎస్సీ. పట్టా చేత పట్టుకున్న ఒక ఇరవై మూడేళ్ళ యువకుడు ఎవరి సహాయమూ లేకుండా స్వయంగా నిర్మించుకున్న విపత్తు. కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకం నవ్వుతుంది. నేను ఎలుకలను పట్టించి కొండను నెత్తిమీదికి తెచ్చుకున్నాను. ఆ కొండ కింద నలగబోయినది నా ఉద్యోగం.

అరవైల నాటి మాట. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్న రోజులు. అక్కడి కాలనీలో ఒక ఉన్నత పాఠశాలకు నన్ను సైన్సు మాస్టరుగా తాత్కాలికంగా వేసుకున్నారు. ఈ 'తాత్కాలికంగా' అన్న మాట దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. కల్వకుర్తి పక్క పల్లెలో గొర్రెలు కాసే మా బాపు, "మా పిలగానికి సర్కారు కొలువైంది" అని ఊళ్ళో మనుషులందరికీ చెప్పి, చాలక మందలో గొర్రెలకు కూడా విడివిడిగా చెప్పుకున్నాడు. సంవత్సరాంతంలో హెడ్మాస్టరు రాఘవరావు గారు నన్ను గురించి నాలుగు మంచి వాక్యాలు పైకి రాసి పంపితే ఆ కొలువు స్థిరపడుతుంది. రాయకపోతే నేను తిరిగి వెళ్ళి ఆ గొర్రెలకు ముఖం చూపించాలి.

రాఘవరావు గారు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. ప్రతి సోమవారం ప్రార్థనలో శాస్త్రీయ దృక్పథాన్ని గురించి ఉపన్యసించేవారు. నన్ను మాత్రం ఎప్పుడూ ఒక కన్ను చిన్నది చేసి చూసేవారు. కారణం, నా పాము.

అది జెర్రిపోతు పిల్ల. కాలువ తవ్వేవాళ్ళు కొట్టి చంపబోతుండగా అడ్డుపడి తెచ్చి, సైన్సు గదిలో అద్దాల బీరువాలో పెట్టాను. పొడవు రెండు మూరలకు తక్కువే. 'విషం లేనిది, రైతుకు మిత్రుడు, ఎలుకలకు యముడు' అని అట్ట మీద అందంగా రాసి బీరువాకు తగిలించాను. చదివినవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కు వేసి చదివారు.

"మాస్టారూ, పాఠం చెప్పడానికి పుస్తకం చాలదా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"కళ్ళతో చూస్తే పిల్లలు మరచిపోరండీ."

"నేనూ మరచిపోలేకపోతున్నానయ్యా. అన్నం దగ్గర కూర్చున్నా అదే గుర్తొస్తోంది."

పాము సంగతి సరే, దాని భోజనం సంగతి వచ్చింది. మొదటిసారి బతికి ఉన్న ఎలుకను వేశాను. అది యముడి మీద తిరగబడి మూతి కొరికింది. యముడు వారం రోజులు రాయి వెనక నుంచి బయటికి రాలేదు. కనుక చచ్చిన ఎలుకలే శరణ్యమని నిర్ణయించి, ధాన్యపు గోదాము కాపలాదారు బిక్షపతిని కలిశాను. నెలకొకసారి బస్తాలు కదిపినప్పుడు అతని బోనుల్లో ఒక్కసారిగా బోలెడు ఎలుకలు పడేవి. తరువాత నెలంతా ఒక్కటి దొరికేది కాదు.

"ఎసొంటియి గావాలె సారు?" అన్నాడు బిక్షపతి.

"చిన్నవి. లేతవి. దెబ్బ తగలనివి."

బిక్షపతి నన్ను చెప్పుల నుంచి తల దాకా, తల నుంచి చెప్పుల దాకా చూశాడు. "ఇంట్ల వండెటోళ్ళు లేరు గద సారు నీకు?"

"వండుకోవడానికి కాదు బిక్షపతీ. పాముకు."

"గట్లనే అను. నేనెవ్వరికి చెప్ప. ఎవని నోటి రుచి వానిది."

ఎలుకకు రెండు బీడీల లెక్కన బేరం కుదిరింది. ఆ బుధవారం అతడు పన్నెండు ఎలుకలు తెచ్చి, వాకిట్లో పెట్టి, ఆకలి తీరా తినమన్నట్టు నన్ను జాలిగా చూసి వెళ్ళాడు.

పాము తినేది వారానికి ఒక్కటి. పన్నెండూ చెడకుండా దాచాలి. కాలనీలో మంచుగడ్డలు ఉండే చోటు ఒక్కటే, ఖాసిం భాయ్ చేపల డిపో. హైదరాబాదు నుంచి లారీలో మంచు వచ్చేది. దానిని రంపపు పొట్టులో పాతిపెట్టి, కృష్ణ చేపలను అందులో పేర్చి పట్నం పంపేవాడు. ఒక రేకు డబ్బాలో ఎలుకలను పెట్టి, చుట్టూ మంచు, ఉప్పు వేయిస్తే అవి రాళ్ళలా గడ్డకడతాయని నా శాస్త్రజ్ఞానం చెప్పింది.

ఇక్కడే నా మొదటి తప్పు. బిక్షపతికి నిజం చెప్పి ఎలుకలు తినేవాణ్ణి అనిపించుకున్నాను కనుక, ఖాసిం భాయ్‌కి అబద్ధం చెప్పదలచాను.

"ఏమున్నది సాబ్ డబ్బల?"

"ఔషధం. మా బాపు మోకాళ్ళ నొప్పులకు."

"బరఫ్‌ల పెట్టే మందా?"

"ఔను. వేడి తగలరాదు."

"మీ బాపు కల్వకుర్తి దిక్కు ఉంటడంటిరి. మందు గీడుంటే మోకాళ్ళకు ఎట్ల తాకుతది సాబ్?"

"పండుగకు వస్తాడు."

"ఏ పండుగకు?"

డబ్బా అతని చేతిలో పెట్టి, గంట కొట్టారని చెప్పి వచ్చేశాను. ఆ రోజు బడికి సెలవని ఖాసిం భాయ్‌కి తెలుసు.

రెండవ తప్పు అంతకు ముందే, ఇంట్లోనే జరిగిపోయింది. చీటీ లేని నమూనా చెత్తతో సమానమని కాలేజీలో మాకు నూరిపోశారు. అందువల్ల ప్రతి ఎలుక తోకకూ ఒక ఎర్ర దారం కట్టి, దానికి వారం, తేదీ రాసి సంతకం చేసిన చీటీ తగిలించాను. చీటీలకు కొత్త కాగితం చింపడం దుబారా అనిపించింది. ఉపాధ్యాయుల గదిలో కిందటి ఏటి పరీక్షల కాపలా పట్టిక ఒకటి పడి ఉంటే, దానిని వరుస వెంట కత్తిరించి, ఖాళీగా ఉన్న వెనుక వైపు రాశాను. ముందు వైపు ఏముందో చూడలేదు. ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క ఉపాధ్యాయుని పేరుంది. మొదటి వరుసలో ఎవరి పేరుంటుందో వేరే చెప్పాలా?

శనివారం ఉప్పు మార్చడానికి వెళితే డబ్బాలో పదకొండే ఉన్నాయి. నాకు ఖాసిం భాయ్ మీద అనుమానం వచ్చింది. చేపలు చాలక ఎలుకలు కూడా పట్నం పంపుతున్నాడా? అతనూ ఆ రోజు నా కళ్ళలోకి చూడలేదు. డబ్బా వైపూ చూడలేదు. ఇద్దరం ఒకరినొకరు ఎంతో మర్యాదగా పలకరించుకున్నాం. అంత మర్యాద ఉన్నచోట ఏదో ఉందని గ్రహించే వయసు కాదు నాది.

ఆదివారం ఉదయం పదింటికి హెడ్మాస్టరు గారి ఇంటి నుంచి, ఉన్నపళంగా రమ్మని కబురు వచ్చింది.

రాఘవరావు గారికి బుధవారం నుంచి చలిజ్వరం. దవాఖానలో మాత్రలు ఇచ్చి, నుదుటి మీద మంచు పెట్టమన్నారట. శనివారం రాత్రికి డిపో నుంచి గోనెసంచిలో మంచు వచ్చింది. పొద్దున సంచి అడుగున పొట్టు దులిపితే, అందులో నుంచి నా పన్నెండవ ఎలుక బయటపడింది.

నేను వెళ్ళేసరికి వసారా నిండా మనుషులు. లోపల గుమ్మానికి ఎదురుగా మంచం మీద, మూడు రగ్గుల కింద హెడ్మాస్టరు గారు వణుకుతున్నారు. డ్రిల్లు మాస్టరు యాదగిరి, హిందీ పండితుడు వెంకటాచారి చేతులు కట్టుకుని నిలబడ్డారు. మూలన ఖాసిం భాయ్, ముందు నా డబ్బా. హెడ్మాస్టరు గారి భార్య సుభద్రమ్మ గారు విసనకర్ర మీద ఎలుకను పెట్టి నాకు చూపించారు.

"ఇదేమిటి మాస్టారూ?"

"ఎలుక అండీ."

"ఎలుకని నాకూ తెలుసు. దీని తోకకి ఎర్రదారం కట్టి ఈయన పేరెందుకు రాశారో అది చెప్పండి."

చీటీ తిప్పి చూశాను. 'శ్రీ రాఘవరావు' అని ముత్యాల వంటి అక్షరాలు. ఆ మంచులో ఉండి చలి పట్టింది ఎలుకకు కాదు, నాకు.

ఖాసిం భాయ్ గొంతు సవరించుకున్నాడు. "నా మోకాలు గుంజుతాంది సాబ్. మీ బాపు మందు జరంత రాసుకుందమని మొన్న డబ్బ తెరిచిన. చెయ్యి పెడ్తె తోక దొరికింది. ఒకటి జారి పొట్టుల పడ్డది. దాన్ని మళ్ళ ముట్టుకునే ధైర్యం లేక మూత పెట్టిన. ఎవ్వరికి చెప్పలే."

"డబ్బ తెరువు భాయ్," అన్నాడు యాదగిరి.

"మీరే తెరువుండ్రి. నాకు పిల్లలున్నరు."

వెంకటాచారి తెరిచాడు. ఒక్కొక్క చీటీ తిప్పి, హాజరు పిలిచినట్టు పైకి చదవసాగాడు. లెక్కల మాస్టరు. తెలుగు పండితులు. "యాదగిరి" అని చదవగానే డ్రిల్లు మాస్టరు అలవాటు కొద్దీ నిటారుగా నిలబడి, వెంటనే గోడకు చేరగిలబడ్డాడు. తరువాతి చీటీ వెంకటాచారి పైకి చదవలేదు. తనలో తాను చదువుకుని, అరుగు మీద మెల్లగా కూర్చున్నాడు.

"ఇది కిందటి ఏటి పరీక్షల పట్టిక కాగితం," అన్నాను. "అందులో సిబ్బంది అందరి పేర్లూ ఉంటాయి."

"నీ పేరు ఏది మరి?" అన్నాడు యాదగిరి.

"కిందటి ఏడు నేను ఉద్యోగంలో లేను."

"బాగున్నది. మేమంత ఎలుకలమైనం. నువ్వొక్కనివి మనిషివి."

అప్పుడు వసారాలో ఎవరో తగ్గు గొంతుతో 'బాణామతి' అన్నారు. ఒకరి పేరు కట్టి ఒక జీవిని హింసిస్తే ఆ బాధ పేరుగల మనిషికి తగులుతుందని మా వైపు పెద్ద నమ్మకం. ఆ మాట మంచం దాకా పోయింది.

"అలాంటివి నమ్మకూడదు," అన్నారు రాఘవరావు గారు రగ్గుల లోపల నుంచి. "శాస్త్రీయంగా ఆలోచిద్దాం. సుభద్రా, నాకు చలి ఏ రోజున మొదలైంది?"

"బుధవారమండీ."

"చీటీ వెనక ఏ వారం ఉంది?"

వెంకటాచారి వెనక్కు తిప్పాడు. నా చేతిరాతతో, నా సంతకంతో సహా, బుధవారం.

"ఎలుకను బరఫ్‌ల పెడ్తె మనిషికి చలి రాదా మరి," అన్నాడు ఖాసిం భాయ్. అక్కడున్న వారందరికీ అది న్యూటన్ సూత్రం కన్నా తేలికగా అర్థమైంది.

నా సిఫారసు ఆ రగ్గుల కింద వణుకుతూ ఉంది. అది చేజారుతున్నదని నాకు తెలుస్తూనే ఉంది. నిరూపణ ఒక్కటే మార్గమని తలచి, పరుగున వెళ్ళి పామును గుడ్డసంచిలో తెచ్చాను. వసారా సగం ఖాళీ అయింది. ఒక గంపలో దానిని వదిలి, చీటీ, దారం విప్పి, యాదగిరి పేరుగల ఎలుకను ముందు పెట్టాను. పాము తల తిప్పుకుంది.

"నన్ను వద్దంటున్నది," అన్నాడు యాదగిరి. అతని గొంతులో కొంచెం బాధ కూడా ఉంది.

వెంకటాచారి పేరుగలది పెట్టాను. దానినీ చూడలేదు. రెండింటికీ చీటీలు మళ్ళీ కట్టాను. హెడ్మాస్టరు గారిది పెట్టాను. నాలుక రెండుసార్లు ఆడించి, పట్టి, తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టింది. ఇందులో రహస్యమేమీ లేదు. మిగిలినవి రాళ్ళలా గడ్డకట్టి ఉన్నాయి, ఇది ఎండతగిలి మెత్తబడింది. ఈ విషయం నేను గట్టిగానే చెప్పాను. వినే స్థితిలో ఎవరూ లేరు. అందరూ గంపనూ మంచాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. హెడ్మాస్టరు గారు మోచేతి మీద లేచి, తన పేరుగల జీవి క్రమంగా అదృశ్యం కావడం కన్నార్పకుండా చూశారు. తోక కొస లోపలికి పోయిన వేళకు వారి నుదుటి మీద చెమట పుట్టింది. ఒక రగ్గు తీశారు. రెండవది తీశారు. మూడవది సుభద్రమ్మ గారు తీశారు.

"చలి పోయింది," అన్నారు.

చలిజ్వరంలో చలి తరువాత చెమట పట్టడం ప్రకృతి నియమం, మాత్రలు కూడా పనిచేసి ఉంటాయి అన్నాను. యాదగిరి నా భుజం పట్టుకున్నాడు.

"అవన్ని తర్వాత సారు. నాదెప్పుడు మింగుతది?"

"వారానికి ఒకటే తింటుంది."

"గప్పటిదాక నేను ఐసులనే ఉండాల్నా?"

"చీటీలు అన్నీ తీసేస్తాను, సరేనా?"

"వద్దు వద్దు," అన్నాడు వెంకటాచారి లేచి. "పేరు తీస్తె మనిషే పోతడేమో. మింగితెనే విడుదల. కండ్లార చూసినం గద."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా పాఠశాలలో పాముకు భోజనం, ఎలుకకు మోక్షం, మాస్టర్లకు ప్రాణసంకటం అయింది. ప్రతి ఆదివారం సైన్సు గదిలో సిబ్బంది సమావేశం. ఎవరి ఎలుక వంతు వస్తే వారు తలంటుకుని వచ్చేవారు. వెంకటాచారి రోజూ పాము ఆకలిని గురించి విచారించి, ఒకనాడు జీలకర్ర కషాయం కాచి తెచ్చాడు. మధ్యలో అది కుబుసం విడుస్తూ మూడు వారాలు ముద్ద ముట్టలేదు. ఆ మూడు వారాలూ మా తెలుగు పండితులు కూడా సరిగా తినలేదని వారి ఇంటివారు చెప్పారు.

సంవత్సరాంతం వచ్చింది. హెడ్మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద తెల్ల కాగితం, చేతిలో మూత తీయని కలం.

"మాస్టారూ, నేను సిఫారసు చేయకపోతే మీరు ఊరికి వెళ్ళిపోతారు. అంతేనా?"

"అంతేనండీ."

"పాము?"

"తీసుకుపోతానండీ. ఇక్కడ దానిని చూసేవారు లేరు."

"డబ్బా?"

"దాని ఆహారం కదండీ. దాన్నీ తీసుకుపోవాలి."

కిటికీ బయట ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. చూస్తే యాదగిరి, వెంకటాచారి, వారి వెనక ఇంకా విడుదల కాని మరో ముగ్గురు.

"సార్," అన్నాడు వెంకటాచారి కిటికీలో నుంచి, "మేం అయిదుగురం ఇంక డబ్బలనే ఉన్నం. ఆయన పోతే మా గతేంది?"

రాఘవరావు గారు ఆ అయిదు ముఖాలూ చూశారు. కలం మూత తీశారు. 'ఇతని సేవలు ఈ పాఠశాలకు ప్రాణావసరం' అని నా కళ్ళ ముందే రాశారు. కిటికీ బయటివారు లోపలికి వచ్చి కింద సంతకాలు కూడా చేశారు.

వేసవిలో ఉత్తర్వు వచ్చింది. దాన్ని తీసుకుని ఊరికి వెళితే మా బాపు కాగితాన్ని కళ్ళకద్దుకుని, "ఏం జూసి ఇచ్చిండ్రు బిడ్డా?" అని అడిగాడు. "నమ్మకం జూసి ఇచ్చిండ్రు బాపు," అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన అతి శాస్త్రీయమైన సత్యం అదే.

చివరి ఎలుక జూన్ నెలలో ముగిసింది. ఆ రోజు సిబ్బంది అందరి సమక్షంలో, నేను నిలబడి, కుడి చేయి చాచి ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట నా బొందిలో ప్రాణమున్నంత వరకు ఏ జీవి తోకకూ, ఏ రంగు దారమూ, ఏ కాగితమూ కట్టను గాక కట్టను. దీనిని లిఖితపూర్వకంగా రాసివ్వమన్నారు, రాసిచ్చాను. సాక్షులుగా అందరూ సంతకాలు పెట్టారు. హెడ్మాస్టరు గారు మాత్రం ముందుగా కాగితాన్ని వెనక్కు తిప్పి, వెలుతురుకు ఎత్తి పట్టి, ఏమీ లేదని తేలిన తరువాతనే సంతకం చేశారు.