ఖాళీల సారుతో ఒక్క మార్కు పంచాయితీ

నేను ఆ పరీక్ష రాసి ఇరవై ఏళ్లు దాటినా మా తమ్ముడు ప్రతి పెండ్లిలోనూ, ప్రతి దావత్‌లోనూ ఒకటే కథ చెప్తాడు: "మా అక్క స్పానిష్ యాడ నేర్సింది, కొట్లాడి పాసైంది!" విన్నవాళ్లు నా మొహం చూసి నమ్మేస్తారు కూడా. (దేవుడిచ్చిన మొహం, నేనేం చేయను?) కొట్లాడిన మాట నిజమే. కాని ఆ రోజుల్లో నేను కొట్లాడింది నా జవాబు కోసం కాదు, మా అవ్వ జవాబు కోసం. (మా దిక్కు కన్నతల్లే అవ్వ.) ఆ ముక్క మాత్రం వాడు మింగేస్తాడు.

డిగ్రీ చేసి బోధన్‌లో ఇంట్లో కూర్చుంటే, నిజామాబాద్‌లో పసుపు ఎగుమతి చేసే ఒక ఆఫీసుకు స్పానిష్ ఉత్తరాలు చదివే మనిషి కావాలని తెలిసింది. మూడు నెలలు వాళ్లే నేర్పిస్తారు, చివర పరీక్ష. పాసైతే కుర్చీ, తప్పితే మా మేనత్త కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే పని. నేర్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చే సారుకు మేం పెట్టిన పేరు ఖాళీల సారు. పాఠం తక్కువ, 'ఖాళీలను పూరించుము' ఎక్కువ. "ముందు క్రియ తోక చూడండి, మనిషెవరో కాలమేదో తెలుస్తుంది. తర్వాత ముందూ వెనకా వాక్యాలు చూడండి" అనేవాడు. తోకలు నాకు తొందరగానే వచ్చాయి. ('వస్తున్న' అంటే చాలు, 'నేను' అనకుండానే మనిషి తెలిసిపోయే ఊరు మాది. స్పానిష్ వాళ్లదీ అదే తంతు.) చిక్కంతా ఆ ముందూ వెనకా దగ్గరే.

సాయంత్రం ఇంటికొచ్చి, బీడీలు చుడుతున్న మా అవ్వకు అభ్యాసాలు తెలుగు చేసి చదివేదాన్ని. "పెద్రోకు ఆకలైతుంది. ఇంట్ల రొట్టె లేదు. అందుకని యాడికో పోయిండు. యాడికి పోయిండే అవ్వా?"

"పక్కింటికి."

"కాదే, రొట్టెల దుకాణానికి. పుస్తకంల అట్లనే ఉంది."

"గా పుస్తకం రాసినోనికి పక్కింటోళ్లతోని మాటల్లేవేమో సూడు."

నేను పుస్తకం జవాబే రాసుకున్నాను. చదువుకున్నదాన్ని కదా!

పరీక్షలో చివరి ప్రశ్న ఇది: మధ్యాహ్నం చుట్టం వచ్చాడు, తలుపు తీసి నేను మొదట ఏదో అడిగాను. ఆ ఏదో దగ్గర ఖాళీ. నా చేయి ఆలోచించకుండానే రాసింది, "యా కొమిస్తే?" అని. తిన్నావా అని. చెరుకు కొట్టే కాలంలో మరాఠీ కూలీలు మా వాకిట్లోకొస్తే, పేరైనా అడగకముందే మా అవ్వ అడిగే మాట అది. ఆమెకు మరాఠీ రాదు, చేత్తో నోరు చూపించి అడిగేది.

సారు దాన్ని కొట్టేశాడు. "కోమో ఎస్తాస్" అని ఉండాలట, అంటే ఎలా ఉన్నావు అని. సరిగ్గా ఆ ఒక్క మార్కుతోనే నేను తప్పాను.

"సార్, క్రియ తోక తప్పా?"

"కాదు."

"కాలం తప్పా?"

"కాదమ్మా, సందర్భం తప్పు."

"ఎండన పడి వచ్చినోన్ని ఎట్లున్నవని అడుగుతమా సార్? ఎట్లున్నడో కనవడ్తనే ఉంటది గద!"

"అది మీ ఇంటి సందర్భం. నేనడిగింది భాష సందర్భం."

"భాష మరెవరింట్ల ఉంటది సార్?"

సారు చెమట తుడుచుకుని, తనకు స్పానిష్ నేర్పిన స్పెయిన్ దేశపు పెద్దావిడను అడుగుతానని పక్కగదిలోకి పోయి ఫోన్ చేశాడు. తలుపు సందులోంచి ఆయన మాటలే వినబడ్డాయి. "సీ, సెన్యోరా... నో, సెన్యోరా..." అవునమ్మా, కాదమ్మా అని. తర్వాత చాలాసేపు అవతల ఆమె చెప్తుంటే వినడమే. ఆఖరికి గొంతు తగ్గించి, "మి మాద్రే తంబియెన్, సెన్యోరా." మా అమ్మ కూడా అని. బయటికొచ్చి, నావైపు చూడకుండా తప్పు గుర్తు కొట్టేసి మార్కు వేశాడు.

"ఏమన్నది సార్ ఆమె?"

"మార్కు వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి?"

ఇంటికొచ్చి చెప్తే మా అవ్వ చేతిలో ఆకు ఆపలేదు. "గింత మాటకు మార్కు గూడ ఇస్తరా?" అంది. ఇస్తారవ్వా. ఆ మార్కు మీదే నా కుర్చీ, నా ఇల్లు, ఇప్పటి నా ఈ పెత్తనం అన్నీ నిలబడ్డాయి. తన తప్పేమోనని ఇంకొకరిని అడిగిన ఆ సారుకు నేను దండమైనా పెట్టలేదు. అంత నోరున్న పిల్ల, మార్కు రాగానే కాగితం గుంజుకుని బోధన్ బస్సెక్కింది!

ఇప్పుడు స్పానిష్ ఉత్తరం సగం చదివితే మిగతా సగం చెప్పగలను. ఆ ఫోన్ మాట మాత్రం ఇప్పటికీ పూరించలేకపోతున్నాను. "మా అమ్మ కూడా" అని మా సారుతో అనిపించాలంటే, ఆ పెద్దావిడ ఏం చెప్పి ఉంటుంది?