కొల్లేటి భద్రయ్యకు వల పాఠం

ఒక మనిషి పొట్టకు వల ఎలా బిగించాలో చూపించబోయి, ఆ పొట్ట మీద చెయ్యి పడకముందే మా పెద్ద డాక్టరు గారి కాలి వేలు విరగ్గొట్టినవాణ్ణి నేను. పందొమ్మిదివందల యాభైల చివర్లో, ఏలూరు ఆసుపత్రిలో చిన్న డాక్టరుగా చేరి ఆరు నెలలైనా కాకుండానే ఈ ఘనకార్యం సాధించాను. ఎలాగో చెబుతాను, కాస్త కాళ్లు ముడుచుకుని కూర్చోండి.

భద్రయ్యది కొల్లేటి లంక. అరవై దాటిన చేపల వేట మనిషి. బొడ్డు పక్కన పొట్ట గోడ చిరిగి, అందులోంచి పేగు ఉబికి వచ్చేది. హెర్నియా అంటారు దాన్ని. రెండుసార్లు కుట్టించుకున్నాడు, రెండుసార్లూ విడిపోయింది. నిలబడితే నిమ్మకాయంత, దగ్గితే కొబ్బరికాయంత. పేగు అందులో ఇరుక్కుపోతే ప్రాణం మీదికి వస్తుందని పెద్ద డాక్టరు గారు మద్రాసు నుంచి సన్నటి స్టీలు తీగల వల ముక్క తెప్పించారు. చిల్లు మీద దాన్ని పరిచి, అంచుల్ని చుట్టూ కండకు కుట్టాలి.

"దేనికదే విడి కుట్టు వేసి ముడి బిగించడమా, ఒకే దారంతో చుట్టూ కుట్టుకుంటూ పోవడమా? ఏది మేలో చూసి చెప్పవయ్యా" అన్నారు పెద్ద డాక్టరు గారు.

ఆయన మామూలుగానే అన్నారు. నేను మాత్రం ఆసుపత్రి తాళాలు చేతికిచ్చినట్టు పొంగిపోయాను. అప్పటికి నేను రెండు విదేశీ పత్రికలు చదివి ఉన్నాను మరి. రెండోది సగమే.

నేరుగా భద్రయ్య మంచం దగ్గరికి వెళ్లాను. "ఇదిగో భద్రయ్యా, వల అంటే ఏమిటంటే..." అని మొదలుపెట్టాను. తాతకు దగ్గులు నేర్పకూడదంటారు. హెర్నియా తాతల్ని దగ్గమనడం నా ఉద్యోగం, అందులో తప్పు లేదు. కొల్లేటి తాతకు వల నేర్పబోయానే, అక్కడ వచ్చింది తంటా.

ఆయన ఓపిగ్గా అంతా విని, "ఆయ్, మరి అంచు ఎలా కడతారండీ?" అన్నాడు.

"ఒకే దారం. చుట్టూ."

"వద్దు బాబుగారూ. మేం వలని తాడుకి కట్టేటప్పుడు జానకో ముడి ఏత్తామండి. ఒకే దారం చుట్టుకుంటా పోతే, ఒక్కచోట పుటుక్కుమందంటే వలంతా చేపలకి ధర్మమేనండి."

"ఇది నైలాను దారం, తెగదు."

"తెగదండి, జారుద్ది. పోయినేడు మా అల్లుడు తెచ్చాడండి ఆ దారం. నూలుకేసినట్టు రెండు ముళ్లేత్తే చాలదు."

"ఇది వైద్యం, భద్రయ్యా!" అన్నాను, మెడ కాస్త నిక్కించి.

మర్నాడు పొద్దున వార్డులోనే ప్రదర్శన పెట్టాను. రెండు కాన్వాసు ముక్కలకు చిల్లులు కోసి, వాటి మీద దోమతెర గుడ్డ కుట్టాను. ఒకదానికి విడి కుట్లు, ఒకదానికి ఒకే దారం. రెండింటినీ స్టూళ్ల మధ్య బిగించాను. విడి కుట్ల గుడ్డ మీద వంటశాల తూకపు రాయి పెట్టాను. రెండు ముళ్లు జారాయి, మిగతావి ఆగాయి.

"చూశారా సార్, రెండు పోయాయి!" అన్నాను విజయగర్వంతో. తర్వాత అదే రాయి నా ఒకే దారం గుడ్డ మీద పెట్టాను. పెద్ద డాక్టరు గారు బాగా కనబడాలని ముందుకొచ్చారు.

చివరి ముడి జారింది. కుట్టంతా పెళ్లివారి బస్సు వెనక పరిగెత్తే చుట్టంలా సర్రున బయల్దేరింది. రాయి మా సారు బొటనవేలి మీద దిగింది.

"అమ్మా!" అన్నారాయన. తర్వాత అన్నవి ఇక్కడ రాయలేను.

భద్రయ్య మంచం మీంచి, "నేను సెప్పలేదండీ?" అన్నాడు మెల్లగా.

సారు కాలు బాగుపడేదాకా ఆపరేషను వాయిదా పడింది. నాలుగో రోజు పొద్దున భద్రయ్య పొట్ట ఉబ్బు ఎంత నొక్కినా లోపలికి వెళ్లలేదు. మనిషి చెమటలు కక్కుతూ, "బాబుగారూ, ఇంటిదానికి కబురెట్టండి" అన్నాడు. నా మూలంగా ఈయన పోతే ఎలా అనుకుంటూ పెద్ద డాక్టరు గారి కోసం పరిగెత్తాను. పెద్ద డాక్టరు గారు కాలికి కట్టుతోనే కుంటుకుంటూ వచ్చి, స్టూలు మీద కూర్చుని కత్తి పట్టారు. అదృష్టం, పేగు చెడలేదు.

"విడి కుట్లే. నువ్వు వెయ్యి" అన్నారు నాతో.

వెన్నులో మత్తు ఇవ్వడం వల్ల భద్రయ్యకు నొప్పి లేదు గానీ మెలకువగా ఉన్నాడు. తెరకు అవతలినుంచి ఒకటే ప్రశ్న.

"మూడో ముడి ఏశారాండీ?"

"వేశాను."

"నాలుగోది ఎదురు మెలికేసి బిగించండి."

"వేస్తున్నాను."

"తడిపి లాగండి బాబుగారూ, గట్టిగా కూసుంటాది."

సిస్టరు మూతికి కట్టుకున్న గాజుగుడ్డ వెనకే నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. పెద్ద డాక్టరు గారు మాత్రం గంభీరంగా, "ఆయన చెప్పినట్టు చెయ్యవయ్యా" అన్నారు. ప్రతి ముడీ అలాగే వేశాను.

నిలిచింది. మూడు నెలల తర్వాత భద్రయ్య వచ్చి మా ముందు గదిలో నిలబడి కిటికీలు అదిరేలా దగ్గి చూపించాడు. పొట్ట మీద చిన్న బుడిపె కూడా లేచింది కాదు. నా గుండె కుదుటపడింది.

కుదుటపడిన గుండె వారం తిరక్కుండానే మళ్లీ జారింది. లంకల నుంచి ఐదుగురు హెర్నియా మనుషులు ఒకే బండి మీద దిగారు.

"రండి, చూస్తాను" అన్నాను.

"మీరు కాదండీ" అన్నాడు వాళ్లలో పెద్దవాడు, ఎంతో మర్యాదగా. "ఆ ముళ్లేయించే డాక్టరు గారికి సూపించుకుందామనండి."

"పెద్ద డాక్టరు గారికా?"

"కాదండీ. మా భద్రయ్య గారికి. మీరు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నారంట గదండీ?"

ఆ రోజే చేతులు సబ్బుతో కడుక్కుని, తూర్పు ముఖంగా నిలబడి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో కొల్లేటి మనిషి ఎదుట వల గురించి నోరు విప్పను. విప్పక తప్పని గడియ వస్తే, చుట్టుపక్కల ఎవరి కాలూ లేకుండా చూసుకుని మరీ విప్పుతాను.